రెండు పెడళ్ల కారు

హాలండు దేశమున కాళ్లు చక్కగ నున్నవారందఱును సైకిలెక్కుదురు. బడిపిల్లలు, ఉద్యోగులు, ఎనుబదేండ్ల ముదుసళ్లు సైతము వానలోను ఎదురుగాలిలోను త్రొక్కుచునే పోవుచుందురు. తల్లి యొకతె ముందు పెట్టెలో నిద్దఱు బిడ్డలను కూర్చుండబెట్టుకొని, వెనుక కూరగాయల సంచి తగిలించుకొని పోవుట యచట వింత కాదు. ఆ దేశమందలి ఐండ్‌హోవెన్ పట్టణమున మేము కాపురముండబట్టి ఆఱేండ్లయినది. మావారు ఆ సమీపమున నొక యంత్రముల కంపెనీలో ఇంజనీరు. ఇట్టి కంపెనీల నాశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున ననేకము కలవు. ఆ యిల్లాండ్రందఱును వచ్చిన కొలది దినములకే సైకిళ్లు కొనుక్కొని ఊరంతయు తిరుగ నారంభించిరి. మేము కిటికీయొద్ద కూర్చుండి వారిని చూచుచుంటిమి. మా మూడవయేట వచ్చిన పోలియో జ్వరము మా యెడమకాలిని మోకాలు మొదలు మడమవఱకు నీరసపఱచి పోయినది. నడచెదము, నెమ్మదిగ మెట్లెక్కెదము. సైకిలు మాత్రము మావలన కాదు.

అంగడికి పోవలెనన్నను, వారమున కొకసారి కాలికి వ్యాయామము చేయించుకొనుటకు ఆసుపత్రికి పోవలెనన్నను మావారే కారులో తీసికొనిపోవలసియుండెను. ఆయన యెన్నడును విసుగుకొనలేదు. అయినను ప్రతి చిన్నపనికిని ఒకరి తీరికకై కనిపెట్టుకొనియుండుట యెట్టిదో, కాళ్లు బాగుగ నున్న సోదరీమణులలోను అనేకులకు తెలియకపోదు. బజారునకు పోయి నాలుగు వంకాయలు ఏఱుకొనివచ్చుటకు శనివారమువఱకు ఆగవలెను. శనివారము నాటికి ఆయనకు తలనొప్పి వచ్చినచో మఱియొక శనివారము.

కారు నేర్చుకొందమని మేమనినపుడు ఆయన మొదట నవ్విరి. మామూలు కారులో మూడు పెడళ్లుండును. కుడికాలు బ్రేకును, పెట్రోలును చూచుకొనును. గేరు మార్చినప్పుడెల్ల ఎడమకాలు క్లచ్చిని అదిమి వదలవలెను. ఊరి రద్దీలో నిమిషమునకు నాలుగైదుసార్లయినను ఆ పని తప్పదు. మా యెడమకాలు ఆ కొలువు చేయలేదు. క్లచ్చి పెడలు లేని స్వయంచాలకపు గేర్ల కారు మాటయేమని యడుగగా, మావారు, “గేర్లు మార్చకుండ నడుపుట నడుపుటయేనా? ఎక్కి కూర్చుండుటయే గదా!” యనిరి. ఇంజనీర్లకు ఈ పట్టుదల మెండు. అన్నము వార్చినదే వంటయు, కుక్కరులో నుడికినది వంట కాదును అనువారి ధోరణి యిది. మేము వాదింపలేదు. లైసెన్సు నిచ్చు సంస్థవారికి మా ఆరోగ్యవిషయము వ్రాసి పంపి, వైద్యుని పరీక్షకు నిలిచి, ఆ పిమ్మట శిక్షణకు కుదిరితిమి. ఏడు నెలలు పట్టినది. మొదటి పరీక్ష తప్పి రెండవ పరీక్షలో నెగ్గితిమి. మా లైసెన్సు వెనుక, స్వయంచాలకపు గేర్లు గల బండిని మాత్రమే నడుపవలెనను సంకేతము అచ్చువేసియున్నది.

ఇక కారు. మావారి కారు మూడు పెడళ్లది. క్రొత్త స్వయంచాలకపు కారు ధర మా యింటి లెక్కకు అందదు. ఇట్లుండగా పొరుగింటి డచ్చి అవ్వ యొకనాడు కాఫీకి పిలిచి, “నీవు మా ఊరి కారునే చూడలేదా?” యని యడిగినది. ఆమె యౌవనమున నడిపినది డాఫ్ అట. ఆ మఱునటి ఆదివారము మమ్ము వెంటబెట్టుకొని ఊరిలోని డాఫ్ మ్యూజియమునకు తీసికొనిపోయినది.

హుబ్ వాన్ డోర్న్ అనునాయన 1928 లో ఐండ్‌హోవెన్‌లో ఒక బీరు తయారీశాల ఆవరణమున చిన్న కర్మశాల పెట్టెను. తమ్ముడు విమ్ ఆయనతో చేరెను. మొదట ఇనుప పనులు, తరువాత లారీల వెనుక తగిలించు బండ్లు, రెండవ ప్రపంచయుద్ధానంతరము లారీలు. ఆ పిదప సామాన్య కుటుంబము కొనదగిన చిన్న కారు చేయవలెననియు, అందు గేర్ల బాధ యుండరాదనియు ఆయనకు తోచినది. అప్పటికి అమెరికాలో స్వయంచాలకపు గేర్లు వాడుకలో నుండెను గాని అవి పెద్ద యింజన్లకు, పెద్ద ధరలకు తగినవి. 1958 ఫిబ్రవరిలో ఆంస్టర్‌డాం ప్రదర్శనమున డాఫ్ 600 అను కారును చూపిరి. ఇంజను 590 ఘనపు సెంటీమీటర్లది, బలము 22 గుఱ్ఱములది మాత్రమే. దానియందలి విశేషమంతయు వేరియోమాటిక్ అను ఏర్పాటునందున్నది.

దానిని తెలిసికొనుటకు కాలితో త్రొక్కు కుట్టుమిషనును తలచుకొన్న చాలును. క్రింద పెద్ద చక్రము, పైన చిన్న చక్రము, రెంటికిని తోలు పట్టెడ. క్రిందిది ఒకసారి తిరుగునప్పటికి పైది అనేకసార్లు తిరుగును. ఇపుడు ఆ చక్రములు కుట్టుచుండగనే తమంత తాము ఉబ్బి, తగ్గినచో? హుబ్ చేసినది అదియే. ఆయన గిలక ఒక్క ముక్క కాదు. ఒకదానికొకటి ఎదురుగ నిలిచిన రెండు శంకువుల వంటి పళ్లెములు. పళ్లెములు దగ్గఱకు జరిగినచో వాటి నడుమనున్న రబ్బరు బెల్టు అంచువైపు ఎగబ్రాకును, అనగా గిలక పెద్దదైనట్లే. దూరముగ జరిగినచో బెల్టు లోపలికి దిగును, గిలక చిన్నదైనట్లే. బండి కదలునప్పుడు ఇంజనువైపు గిలక చిన్నది, చక్రమువైపుది పెద్దది. బలము హెచ్చు, వేగము తక్కువ. ఇంజను వడి హెచ్చినకొలది గిలకలోని చిన్న బరువులు వడిసెలలోని రాళ్లవలె వెలుపలికి తన్నుకొని పళ్లెములను నొక్కును. అట్లు ముందుది పెరుగును, వెనుకది తగ్గును, వేగము హెచ్చును. నాలుగు గేర్లు, అయిదు గేర్లు అను మెట్లు లేవు. నడుమ ఎన్ని నిష్పత్తులైనను కలవు. బండి పరుగు పెరుగుచున్నను ఇంజను శ్రుతి మాఱక తంబురావలె ఒక్క స్వరముననే మ్రోగుచుండును. మొదటిసారి వినువారికి కొంత వింతగ నుండును.

ఈ యేర్పాటు చదువరులకు క్రొత్తది కాదు. మన ఊళ్లలో ఆడవారెక్కు గేర్లులేని పెట్రోలు స్కూటర్లలో ననేకమునందు నడచుచున్నది ఈ బెల్టు, ఈ గిలకలే. 1984 లో కైనెటిక్ హోండా వచ్చినపుడు, ఆ తరువాత 2001 లో యాక్టివా వచ్చినపుడు, ఉద్యోగినులును కళాశాల బాలికలును చీరకొంగు నడుమున దోపుకొని వీధులలోనికి వచ్చిరి. రాజమహేంద్రవరమున మా చెల్లెలి కైనెటిక్ హోండా వెనుక కూర్చుండి గోదావరి గట్టువెంట ఎన్ని సాయంకాలములో తిరిగితిమి. బండి ఆగినపుడు ఎడమకాలు మోపి నిలుపవలెను గనుక దానిని మేము నడుపుట పడలేదు. నాలుగు చక్రముల మీద అదే బెల్టు మాకు కుదిరినది.

డాఫ్ కారులో పెడళ్లు రెండే. ఆసనముల నడుమ ఒక చిన్న పిడి. ముందునకు త్రోసిన ముందునకు, వెనుకకు లాగిన వెనుకకు, నడుమ నిలిపిన కదలదు. ఆ పిడి కెంతో తెలివియున్నదని కంపెనీవారు ప్రకటించుకొనిరి. వెనుకకు పోవునప్పుడును అవే గిలకలు పనిచేయును గనుక ముందునకెంత వేగమో వెనుకకును అంత వేగము పోగలదు. ఈ గుణమును చూచి డచ్చివారు ఆ కార్లను వెనుకకు నడుపు పందెములు పెట్టి నవ్వుకొనిరి.

నవ్వులు అంతటితో ఆగలేదు. గేర్లు మార్చనక్కఱలేనిది గనుక ఆడవారును వృద్ధులును ఎగబడి కొనిరి, కాళ్లు సరిగలేనివారికి వరప్రసాదమైనది. అంతట మగవారు దానికి ముసలమ్మల బండియని పేరుపెట్టి, రబ్బరు బెల్టును స్త్రీల మేజోళ్లు బిగించు పట్టీతో పోల్చి ఎగతాళి చేసిరి. పొరుగింటి అవ్వ ఆ పేర్లు చెప్పుచు తానే పకపక నవ్వినది. “మా ఆయన అందులో ఎక్కుటకు సిగ్గుపడెడివాడు. వాన కురిసినప్పుడు మాత్రము సిగ్గుపడలేదు” అని యన్నది. ఆ ముసలమ్మల బండి వంశములోని డాఫ్ 55 యే 1968 లో లండను నుండి సిడ్నీకి జరిగిన పందెమున పాల్గొనినది. ఆ దారి మన ఢిల్లీ మీదుగ బొంబాయి చేరి, అచట నుండి ఓడమీద ఆస్ట్రేలియాకు పోయినది.

మేము కొన్నది ఆ డాఫ్ 55 లోనే కూపే. కూపే యన్నచో రైలుపెట్టెలో ఇద్దఱికి చాలు చిన్న గది మనకు తెలియును. ఫ్రెంచి భాషలో కత్తిరించినదని యర్థము. కారునందును అంతే. తలుపులు రెండు, వెనుకభాగము ఏటవాలుగ కోసినట్లుండును, వెనుక ఆసనము పేరునకు మాత్రమే. ఇంజను 1108 ఘనపు సెంటీమీటర్లది, ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీది. 1968 లో ఈ రూపము వెలువడినది; మాది 1971 నాటిది, లేత పసుపు. అవ్వ యెఱిగిన ఒక వృద్ధ దంపతులు షెడ్డులో గుడ్డ కప్పి దాచినది. ధర క్రొత్త చిన్న కారు ధరలో మూడవవంతైనను కాలేదు. నలుబదేండ్లు దాటిన బండికి ఆ దేశమున రోడ్డుపన్ను లేకపోవుట మా లెక్కలకు మఱికొంత సాయము చేసినది.

కార్ల తయారీ డాఫ్ చేతినుండి 1975 లో స్వీడను దేశపు వోల్వో చేతికి పోయినది. లారీలు మాత్రము నేటికిని ఐండ్‌హోవెన్‌లో తయారగుచున్నవి. బెల్టు కథయు ముగియలేదు. రబ్బరునకు మాఱుగ ఉక్కు ముక్కలు కూర్చిన బెల్టు వచ్చి, 1987 నుండి ఫోర్డు, ఫియట్ చిన్న కార్లలో చేరినది. దానిని చేసిన కర్మాగారము, పిదప బాష్ కంపెనీదైనది, ఐండ్‌హోవెన్ సమీపమున టిల్‌బర్గ్‌లోనిది.

పాతబండి సుఖములే చెప్పి కష్టములు దాచుట ధర్మము కాదు. ప్రమాదమున ఉబ్బి కాపాడు గాలిసంచులు దీనియందు లేవు. అందుచే పెద్దరోడ్ల మీదికి మేము పోము. ఊరిలోను, చుట్టుపట్ల పల్లెలలోను మాత్రమే తిరిగెదము. చుక్కాని చక్రమును త్రిప్పుటకు చేతిబలము కావలెను; రోటిలో పచ్చడి నూరిన చేతులకది లెక్క కాదు. బెల్టులు అఱిగినపుడు రెండును జతగ మార్చవలెను. డాఫ్ అభిమానుల సంఘములవారు సామానులు సమకూర్చుచున్నారు గనుక దొరకునో దొరకదో యను బెంగ లేదు. క్రొత్త కారు కొనగల సోదరికి దీనిని కొనుమని మేము చెప్పము. గేర్లులేని కారు చిన్నతనమని వెనుదీయు సోదరికి మాత్రము ఎక్కి చూడుమని చెప్పెదము.

నిరుడు జనవరిలో మావారు వాకిటి మంచుమీద జాఱిపడి కుడిమణికట్టు విఱుగగొట్టుకొనిరి. ఆఱు వారములు కట్టు. ఆ ఆఱు వారములును ఆసుపత్రికి, ఆఫీసునకు ఆయనను దింపి తెచ్చినది మేమే. మొదటి దినము ఆయన ప్రక్క ఆసనమున కూర్చుండి, లేని బ్రేకును కుడికాలితో అదుముచు, ప్రతి మలుపునను ఊపిరి బిగబట్టిరి. మూడవ దినమునకు కాలు కదలుట మానినది. రెండవ వారమున నొక ఉదయము రోడ్డంతయు నున్నగ గడ్డకట్టినది. ఎఱ్ఱదీపము వద్ద మా ముందున్న బండి కదలబోవుచు ఒక చక్రము ఊరక తిరిగి అచటనే నిలిచిపోయినది. మాది నెమ్మదిగ సాగినది. మావారు కొంతసేపూరకుండి, “వెనుక చక్రమొక్కొక్కదానికి వేఱు బెల్టు గదా, ఒకటి జాఱినను రెండవది పట్టును. లెక్క బాగుగనే వేసినాడు” అనిరి. మెచ్చినది హుబ్‌నో మమ్మునో మేమడుగలేదు.

కట్టు విప్పిన తరువాతను మంగళవారపు ఆసుపత్రికి మేమే పోవుచున్నాము. వంకాయలకు శనివారమువఱకు ఆగుట లేదు. ఈ వేసవికి మా అత్తగారు రాజమహేంద్రవరము నుండి వచ్చుచున్నారు. ఫోనులో ఆమె యడిగిన దొక్కటే: “అమ్మాయీ, నీ కారులో నాకు చోటుందా?” ముందు ఆసనము ఆమెది. మావారు వెనుక మోకాళ్లు ముడుచుకొని కూర్చుండవలెను. ఆ సంగతి ఆయనకింకను చెప్పలేదు.