బెన్ అలీ వే: ఒక సందుకు దక్కిన పేరు

వాషింగ్టన్ నగరంలో యు స్ట్రీట్ మెట్రో స్టేషన్ నుంచి పదమూడో వీధి వైపు పైకి వచ్చే సందర్శకులకు ఎదురుగానే ‘బెన్స్ చిలీ బౌల్’ అనే భోజనశాల కనిపిస్తుంది. దాని పక్కగోడను ఆనుకొని లోపలికి సాగే సన్నని సందు పేరు ‘బెన్ అలీ వే’. సరుకు బండ్లు వెనుక వాకిలికి చేరడానికీ, చెత్త డబ్బాలు పెట్టుకోవడానికీ వదిలిన ఇటువంటి సందులకు ఆ నగరంలో సాధారణంగా పేర్లే ఉండవు. వీధులను అక్షరాలతో, అంకెలతో, రాష్ట్రాల పేర్లతో గుర్తించే ఆ రాజధానిలో ఒక హోటలు యజమాని పేరు నామఫలకం మీదికి ఎక్కడం చిన్న విషయం కాదు.

అమెరికా నగరాల్లో గౌరవ నామకరణం అంటే వీధి అసలు పేరును తీసివేయకుండా, దానికి తోడుగా మరో పేరున్న ఫలకాన్ని తగిలించడం. చిరునామాలు, ఆస్తి పత్రాలు మార్చుకోనక్కరలేదు కనుక ఆ వీధివాసులకు ఇబ్బంది ఉండదు. చికాగోలోనైతే ఈ ఫలకాలు గోధుమరంగులో వేరుగా కనిపిస్తాయి. ఇక పేరే లేని సందుకు పేరు పెట్టడంలో తీసివేయవలసినదంటూ ఏదీ లేదు, భోజనశాల చిరునామా కూడా ఎప్పటిలాగే 1213 యు స్ట్రీట్‌గానే ఉండిపోయింది. తెలుగు పట్టణాల్లో ‘ఫలానావారి వీధి’ అన్న పేరు ముందు జనం నోట స్థిరపడి ఆ తర్వాత ఎప్పటికో పురపాలక సంఘం ఫలకం మీదికి చేరుతుంది. వాషింగ్టన్‌లో వ్యవహారమంతా నగర కౌన్సిల్ చేతిలో ఉంటుంది.

ఆ పేరు గల మనిషి మహబూబ్ బెన్ అలీ, భారతీయ మూలాలున్న ముస్లిం కుటుంబంలో ట్రినిడాడ్‌లో పుట్టి, చదువు కోసం అమెరికా వచ్చి, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో దంతవైద్య విద్యలో చేరి, చివరకు అంగడి పెట్టుకున్నవాడు. అప్పటికి బ్యాంకులో పనిచేస్తున్న వర్జీనియా రోలిన్స్‌తో కలిసి, ఒకప్పుడు మూకీ చిత్రాలు ఆడిన మినేహాహా థియేటర్ భవనంలో 1958 ఆగస్టు 22న దుకాణం తెరిచాడు. వారి పెళ్లి ఆ తర్వాత కొద్ది వారాలకు జరిగింది. నల్లజాతీయుల నాటక, సంగీత కేంద్రంగా ‘బ్లాక్ బ్రాడ్‌వే’ అని పేరుపడిన వీధి అది. పక్కనే ఉన్న లింకన్ థియేటర్ 1922 నాటిది.

ఈ దుకాణానికి పేరు తెచ్చిన వంటకం హాఫ్‌స్మోక్. సాధారణ హాట్‌డాగ్ కంటే లావుగా, ముతకగా ఉండే ఈ సాసేజ్‌లో, అంటే మాంసాన్ని తరిగి మసాలా పట్టించి తొడుగులో కూరి పొగబెట్టిన దానిలో, పంది మాంసం, గొడ్డు మాంసం రెండూ కలుస్తాయి. వీధి వైపు కిటికీ దగ్గరున్న వేడి పెనం మీద దాన్ని పైపొర చిటచిటలాడేదాకా కాల్చి, మెత్తని బన్నులో పెట్టి, ఆవాల ముద్ద పూసి, ఉల్లి తరుగు చల్లి, పైన చిలీ పోస్తారు. పేరులో మిరపకాయ ఉన్నా చిలీ అంటే కారం కాదు, మాంసం కైమాను మసాలాలతో చిక్కగా ఉడికించిన కూర. తినేవారి చేతులు శుభ్రంగా ఉండే ప్రశ్నే లేదు.

అయితే వంటకం ఒక్కటే వీధికి పేరు తెచ్చిపెట్టదు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత ఈ ప్రాంతం అల్లర్లతో మండిపోయి కర్ఫ్యూ పడినప్పుడు, బెన్స్ ప్రత్యేక అనుమతితో రాత్రుళ్లు తెరిచే ఉండి, ఆందోళనకారులకూ పోలీసులకూ అగ్నిమాపక సిబ్బందికీ ఒకే బల్ల మీద వడ్డించింది. అంతకంటే కఠినమైన పరీక్ష 1980ల చివర ఎదురైంది. మెట్రో నిర్మాణానికి వీధిని నిలువునా తవ్వేయడంతో చుట్టుపక్కల దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బెన్స్‌లో ఒక దశలో ఒక్క పనివాడే మిగిలాడు. 1991లో స్టేషన్ తెరుచుకునేదాకా తలుపు మూయకుండా నెట్టుకురావడమే బెన్ అలీ దంపతుల అసలు ఘనత. 2009 జనవరిలో, ప్రమాణ స్వీకారానికి కొద్ది రోజుల ముందు, బరాక్ ఒబామా వచ్చి ఇక్కడ తినడం దాని ముందు చిన్నదే.

సందు వైపు గోడ మరో కథ చెబుతుంది. 2012లో చిత్రకారుడు అనీకన్ ఉదోఫియా ఆ గోడ మీద ఒబామా, గోగో సంగీతకారుడు చక్ బ్రౌన్, హాస్యనటుడు బిల్ కాస్బీ తదితరుల ముఖాలను పెద్దవిగా చిత్రించాడు. కాస్బీపై లైంగిక దాడి ఆరోపణలు ముదిరిన దరిమిలా, 2017 జనవరిలో గోడకు సున్నం కొట్టించారు. చిత్రం పాతబడిందనీ, మార్చే సమయం వచ్చిందనీ యాజమాన్యం చెప్పింది. ప్రజల ఓట్లు అడిగి, అదే చిత్రకారుడితో కొత్త ముఖాలు వేయించగా, ఒబామా దంపతులు, హారియట్ టబ్‌మన్, ప్రిన్స్, ముహమ్మద్ అలీ వంటివారు గోడకెక్కారు. గోడ విషయంలో తొందరపడవచ్చు, ఎందుకంటే సున్నం చవక. అధికారిక నామకరణానికి మాత్రం నగర చట్టం నిదానాన్ని విధించింది: మాజీ అధ్యక్షుల వంటి కొందరికి తప్ప, మరణించి రెండేళ్లు గడవనివారి పేరు ప్రజాస్థలానికి పెట్టరాదు. బెన్ అలీ 2009 అక్టోబరులో మరణించాడు. ఇటువంటి గడువు ఉండటం మేలే అనడానికి ఆ పక్కగోడ చరిత్రే చాలు.

ఫలకం మీద ఒకే పేరు ఉండటం మాత్రం కొంత వెలితి. తొలినాడే దుకాణంలో సగం బరువు మోసిన వర్జీనియా, భర్త పోయాక కొడుకులు, కోడళ్లు వ్యాపారం చూసుకుంటున్నా ఏళ్ల తరబడి బల్లల దగ్గరికి వచ్చి వచ్చినవారిని పలకరిస్తూనే ఉంది; యు స్ట్రీట్ పాత సంగతుల కోసం వచ్చే విలేకరులు ముందుగా కలిసేదీ ఆమెనే.