బోర్డు మీద లేని మాట

మా హరిశ్చంద్రపురం స్టేషను బోర్డు మీద ఊరి పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. అవి చదవగలవాడికి బోర్డు గురించి ఆలోచించే పనే లేదు. నౌపడాలో గుణుపురం బండి ఎక్కినప్పుడే నాకా ఆలోచన కలిగింది. పాతపట్నం దాటి మహేంద్రతనయ అవతలికి పోగానే తెలుగు అక్షరం వెనక్కి తగ్గి, ఒడియా అక్షరం ముందుకొస్తుంది. మనుషులు మాత్రం రెండు గట్ల మీదా రెండు మాటలూ ఆడతారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. టెక్కలి, మందస ఇటు మిగిలాయి. గీత నేల మీద పడినంత సులువుగా నాలుక మీద పడదు. అందుకే ఇచ్ఛాపురం, కవిటి, మందస పల్లెల్లో ఒడియా ఇళ్లున్నాయి. బరంపురం, పర్లాకిమిడిలో తెలుగు ఇళ్లున్నాయి. అక్కడ తెలుగు బోర్డు కనపడకపోతే నొచ్చుకుంటాం. ఇక్కడ ఒడియా సంగతి ఎత్తితే, "ఆళ్లకి తెలుగొచ్చు కదేటి?" అంటాం. ఇదెక్కడి న్యాయం?

1956లో కేంద్రం ఇచ్చిన మెమొరాండంలో, ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవారు నూటికి 15 నుంచి 20 మంది ఉంటే ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ వేయాలని ఉంది. మంచిదే. మరి కొండ మీది సవరల మాటేమిటి? పలాసలోనో, టెక్కలిలోనో వారు ఆ లెక్కకు అందరు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు వారి మాట నేర్చి రాసిన పుస్తకం 1931లోనే మద్రాసులో అచ్చయింది. పుస్తకానికెక్కిన భాష గోడకెక్కలేదు.

మా నాన్నను చూపించడానికి ఒక ఆసుపత్రికి వెళ్లినప్పుడు, చీటీ పట్టుకుని ఒక సవర ముసలమ్మ, ఎనిమిదేళ్ల మనవరాలు కనిపించారు. పిల్ల బోర్డు చూసి గడగడా చదివింది: "బాహ్య రోగుల విభాగము". చదివి, అర్థం కాక నా మొహం చూసింది. అక్షరం వచ్చింది, మాట రాలేదు! నిజం చెప్పొద్దూ, ఆ తెలుగు మా నాన్నకీ తెలియలేదు. "ఇది ఎవరి కోసం రాసినార్రా?" అన్నాడు.

మన రాష్ట్రంలో సవర పిల్లల వాచకాలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. ఆ బోర్డు కింద అదే లిపిలో ఒక సవర ముక్క రాసి ఉంటే పిల్ల చదివేది, అవ్వ నడిచేది. దానికయ్యే ఖర్చు గరిటెడు రంగు. నూటికెంతమంది అనేది కచేరీ లెక్క. ఆసుపత్రి గుమ్మంలో, బస్సు స్టాండులో ఒక్కరు దారి తప్పినా లెక్కే.

మన తరగతుల్లో ఒడియా ఇళ్ల వాళ్లున్నారు, సవర గూడేల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మాట వాళ్లు చెబితే రాయడానికి మన చేతులున్నాయి. విద్యార్థి సంఘం పెద్దలు ఈ ఏడు అధికారులను అడగవలసినవాటిలో దీన్నీ చేర్చాలని నా మనవి.