ఊరికే వచ్చేదేగా!

2020 జనవరి 1తో పైథాన్ 2కి మద్దతు ఆగిపోయింది. ఆ సంక్రాంతికి ఎడ్లపాడు వెళ్ళి కూడా నేను ప్రాజెక్టుని పైథాన్ 3కి మారుస్తూనే కూర్చున్నా. ఒక లైబ్రరీ దగ్గర బండి ఆగింది. అది రాసినాయన ఖాళీ దొరికితేనే చూస్తాడు మరి. "ఆయనకి కొంత డబ్బిద్దామండీ" అని ఫోన్లో మా మేనేజర్ని అడిగితే, "ఊరికే వచ్చేదానికి డబ్బులేంటి?" అన్నాడు. చివరికి ఇద్దరం మూడు వారాలు తంటాలు పడి మేమే మార్చుకున్నాం. మా జీతాలు ఊరికే రాలేదు లెండి :)

పైథాన్ ప్రోగ్రాముల్ని వేగంగా నడిపే పైపై (పేరే పైపై, పని లోతు!) పైథాన్ 3.5ని అందుకోడానికి మొజిల్లా 2016లో 2 లక్షల డాలర్లిచ్చింది. కొత్తది రాయడానికి సరదాగా ఎంతోమంది వస్తారు. పాత కోడ్‌లో యూనికోడ్ చిక్కులు విప్పడానికి ఎవరొస్తారు?

నాన్నకి చెబితే, "గుడి కట్టడానికి చందాలిస్తార్రా, ఏటా సున్నం వెయ్యడానికి ఎవరిస్తారు?" అన్నారు.

ఆ లైబ్రరీ ఆయనకి నా జేబులోంచే కొంత పంపా. మేం చేసిన మార్పులు కూడా పంపుదామంటే ఆఫీసు ఒప్పుకోలేదు.