బావ చొక్కా

మేనరికాలు వద్దనడానికి గట్టి కారణాలున్నాయి. అవి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, మా పిన్ని కూతురి పెళ్లి మాటలప్పుడు వాటిని పక్కనబెట్టి వాసన గురించి మాట్లాడాను.

ఆ రోజుల్లో ఒక ప్రయోగం గురించి చదివి ఉన్నాను. 1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో క్లౌస్ వేడెకింట్ అనే శాస్త్రవేత్త 44 మంది కుర్రాళ్లకు నూలు టీషర్టులిచ్చి, రెండు రాత్రులు అవే వేసుకుని పడుకోమన్నాడు. సెంటు పూసుకోకూడదు, వాసన సబ్బులు వాడకూడదు, ఘాటైన తిండి తినకూడదు. తర్వాత వాటిని పెట్టెల్లో పెట్టి, 49 మంది అమ్మాయిలను వాసన చూడమన్నాడు. రోగాలతో పోరాడే శక్తికి సంబంధించి మన ఒంట్లో హెచ్ఎల్ఏ అనే జన్యువుల గుంపు ఒకటుంది. ఆ గుంపులో తమతో పోలిక తక్కువగా ఉన్న కుర్రాళ్ల చొక్కాలే అమ్మాయిలకు ఎక్కువగా నచ్చాయి.

అది చదివాక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. పెళ్లిళ్ల పేరయ్య మన ముక్కులోనే కూర్చుని ఉన్నాడని కనబడినవాళ్లందరికీ చెప్పాను. మా చెల్లెలికి వాళ్ల మేనత్త కొడుకుతో సంబంధం ఖాయం చేస్తున్నారని తెలియగానే, దాన్ని డాబా మీదికి తీసుకెళ్లి ప్రయోగమంతా వివరించాను. "మీరిద్దరూ ఒకే తాత మనవలు. జన్యువులు కలుస్తాయి. కొన్నాళ్లు పోతే అతని ఒంటి వాసనే నీకు పడదు, చూసుకో" అన్నాను.

అది అడ్డు చెప్పకుండా విన్నది. విని, తల వంచుకుని అన్నది: "అక్కా, అత్త వాళ్లింటికి వెళ్లినప్పుడు బావ విడిచిన చొక్కా కుర్చీ మీద కనబడితే, ఎవరూ లేనప్పుడు వాసన చూస్తాను. నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. మరి నా ముక్కు సరిగ్గా పని చేయట్లేదా?"

నాకు జవాబు తోచలేదు. ఎవరికీ చెప్పుకోని మాట నన్ను నమ్మి చెప్పింది. దాని ఎదుట నా శాస్త్రం ఎంత పలచనో అప్పుడు తెలిసింది. బెర్న్‌లో అమ్మాయిలకు అందినది పెట్టెలోంచి వచ్చిన వాసన మాత్రమే, దాని వెనక వాళ్లెరిగిన మనిషి లేడు. మా చెల్లెలి వాసనలో మనిషి ఉన్నాడు, వేసవి సెలవులున్నాయి, పడ్డ పోట్లాటలున్నాయి. ముక్కు నుంచి వచ్చే కబురు మెదడులో భయాన్నీ ప్రేమనీ జ్ఞాపకాన్నీ చూసుకునే భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. కలిసి బతికిన కొద్దీ ఒక వాసన మనదవుతుంది. 2018లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధనలో, తమవాడు వేసుకున్న చొక్కా వాసన చూసిన ఆడవాళ్లకు మనసు మీది ఒత్తిడి తగ్గినట్టనిపించింది.

ఆ రాత్రి బెర్న్ ప్రయోగాన్ని మళ్లీ తీశాను. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న అమ్మాయిల్లో ఫలితం తిరగబడిందని అందులోనే ఉంది. వాళ్లకు తమను పోలినవాళ్ల వాసనే నచ్చింది. మొదటిసారి ఆ ముక్క నా కంటికి ఆనలేదు. చదివిన కొత్త సంగతి సరిగ్గా మనకు కావలసిన మాటే చెబుతుంటే, మీరు మాత్రం తర్వాతి పేజీ తిప్పుతారా? ఆ తర్వాత ఇలాంటి పరిశోధనలను కలిపి చూసినవాళ్లకు, మనుషులు హెచ్ఎల్ఏను వాసన పట్టి జోడీని ఎంచుకుంటారనడానికి స్థిరమైన ఆధారం దొరకలేదు.

పైగా జన్యువులు కలుస్తాయని నేను ధీమాగా అన్నదీ తొందరపాటే. హెచ్ఎల్ఏ దాదాపు ఒక కట్టగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. తోబుట్టువులిద్దరికి రెండు కట్టలూ ఒకటే కావడానికి అవకాశం నాలుగింట ఒకటి. ఎముక మజ్జ కావలసినప్పుడు డాక్టర్లు ముందు తోబుట్టువులకు పరీక్ష చేసేది అందుకే. మేనత్త మేనమామ పిల్లలకైతే ఆ తాతా నాయనమ్మల నుంచి వచ్చిన కట్ట ఒక్కటి కలవడానికే అవకాశం నాలుగింట ఒకటి.

నా తొందరపాటు వల్ల జరిగిన నష్టం వేరు. డాబా మీది మాట ఇల్లంతా పాకింది. మేనరికం చేసుకున్న జంట సగటున జన్యువుల్లో 12.5 శాతం పంచుకుంటుందని, ఒకే లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే ప్రమాదం పెరుగుతుందని తర్వాత నేను చెప్పబోతే, "వాసనల గొడవ అయిపోయింది, ఇప్పుడు ఇదా?" అని పిన్ని లేచి వెళ్లిపోయింది. అసలు చెప్పవలసిన మాటకు విలువ లేకుండా చేసింది నేనే.

పెళ్లయ్యాక ఆ ఇద్దరే జన్యు సలహాలిచ్చే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు, తోడుగా నన్నూ రమ్మన్నారు. రెండు వైపులా పుట్టుచెవుడు ఉన్నవాళ్లున్నారా, పసితనంలో పోయిన బిడ్డలున్నారా, తరచూ రక్తం ఎక్కించుకోవలసి వచ్చినవాళ్లున్నారా అని ఆవిడ అడుగుతూ కాగితం మీద వంశవృక్షం గీసింది. తలసీమియా పరీక్షకు ఇద్దరి రక్తమూ తీయించింది. ఆవిడ అడిగినవాటిలో ఒక్కటి కూడా డాబా మీద నేను మా చెల్లెలిని అడగలేదు.