పేరు నాది, ప్రోగ్రాము పరులది

నేను కొట్లవాళ్ళకు అమ్మే లెక్కల సాఫ్ట్‌వేర్ నేను రాసింది కాదు. పొరుగూరి కంపెనీ ఒకటి రాస్తుంది. వాళ్ళకు ఏడాదికింతని కట్టి, నా పేరు తగిలించి అమ్ముకుంటాను. "ఎవరి బిడ్డకో మన ఇంటిపేరన్నమాట!" అంటుంది మా ఆవిడ. దత్తత అనరాదుటే, అంటాను.

ఆమాటకొస్తే మహామహులు చేసిన పనే ఇది. 1980లో అమెరికాలోని సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ అనే ఆయన ఒక చిన్న కంపెనీలో ఉంటూ 86-డాస్ రాశాడు. మైక్రోసాఫ్టువారు మొదట 25 వేల డాలర్లకు లైసెన్సు పుచ్చుకున్నారు; 1981 జులైలో మరో 50 వేలిచ్చి హక్కులే కొనేశారు. ఆగస్టులో ఐ.బి.ఎం. వారు దాన్ని 'పీసీ డాస్' అని తమ పేరుతో అమ్మారు. కిటుకంతా కాగితంలో ఉంది. ఇతరులకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్టు తనకే అట్టేపెట్టుకుంది. 'ఎమ్మెస్ డాస్' అని ఊరందరికీ అమ్మింది.

అంచేత నేను ధరకన్నా ముందు ఒప్పందం చూస్తాను. నా ఖాతాదారులకు వాళ్ళు నేరుగా అమ్మవచ్చునా? వాళ్ళు దుకాణం కట్టేస్తే కొట్లవాళ్ళ లెక్కలు ఎవరి చేతికొస్తాయి? 20వ తారీకు జి.ఎస్.టి. రిటర్ను గడువునాటి రాత్రి ప్రోగ్రాము మొరాయిస్తే, ఫోను మోగేది మా ఇంట్లోనే మరి!

మొన్న మందులషాపు పెద్దాయన సూటిగా అడిగారు: "ఇది మీరే రాశారుటండీ?"

"లేదండీ. రాసినవారు వేరు, జవాబుదారీ నాది."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ రెండో ముక్క రసీదుమీద రాసివ్వండి" అన్నారు.

రాసిచ్చాను.