నలభై ఏడో గడి

పిల్లలూ, ఫోన్‌లో గేమ్ ఆడాలనిపిస్తే మీరేం చేస్తారు? యాప్ స్టోర్‌లోనో, గూగుల్ ప్లేలోనో వెతికి దించుకుంటారు. అక్కడ కనిపించకపోతే అలాంటి గేమ్ లేదనే అనుకుంటారు. మరి ఆ దుకాణంలోకి ఏది రావచ్చో, ఏది రాకూడదో ఎవరు నిర్ణయిస్తారు? నాకూ ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. ఒక అబ్బాయి చార్టు మీద గీసిన వైకుంఠపాళి వల్ల వచ్చింది.

అప్పుడు నేను ఉత్తరాదిన ఒక కంటోన్మెంట్ ఊళ్లో పనిచేస్తున్నాను. నా తెలుగు తరగతిలో పదకొండు మంది. అందరివీ బదిలీల కుటుంబాలే. ఆ ఏడాది బడి ప్రదర్శనకు మా తరఫున ‘మన ఆటలు’ పెడదామనుకున్నాం. ఇద్దరమ్మాయిలు వామనగుంటలు తెచ్చారు. ఇంకొకరు పులి-మేక గీశారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు వైకుంఠపాళి తీసుకున్నాడు. అయితే పాత పటం చూసి గీయలేదు. నూరు గడులతో సొంత పటం గీసి, దానికి ‘బదిలీ’ అని పేరు పెట్టాడు.

నిచ్చెన కింద ‘నాన్నకి క్వార్టర్ దొరికింది’. ఇంకో నిచ్చెన కింద ‘పక్క బెంచీ వాడు టిఫిన్ పెట్టాడు’. పాము నోటి దగ్గర ‘పరీక్షల ముందు టీసీ’. మరో పాము దగ్గర ‘ఈ బడిలో ఆ పాఠం ముందే అయిపోయింది’. చదువుతుంటే నాకు నవ్వాగలేదు. నలభై ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. అక్కడ పామూ లేదు, నిచ్చెనా లేదు. చిన్న అక్షరాలతో ఇలా ఉంది: ‘నాన్న ఫోన్ మూడు రోజులుగా రాలేదు. ఆరు పడేదాకా ఆగాలి.’

వాళ్ల నాన్నగారి పోస్టింగ్ అప్పుడు సరిహద్దులో. ఫోన్ నాలుగో రోజు వచ్చిందట. ఆయన క్షేమంగానే ఉన్నారు. కానీ ఆ మూడు రోజులు ఆ గడిలో అలాగే ఉండిపోయాయి.

“బాగుందిరా. ఈ ఒక్క గడీ తీసేద్దాం. ఇది ఆట కదా, వచ్చినవాళ్లు సరదాగా ఆడుకోవాలి. ఇది చెప్పాలనుంటే ఒక వ్యాసం రాసివ్వు, పత్రికలో వేద్దాం” అన్నాను.

వాడు కాసేపు చార్టు వంకే చూశాడు. “మేడమ్, వ్యాసమైతే చదివేసి వెళ్లిపోతారు. ఆటైతే ఆగాలి కదా” అన్నాడు.

నేను వినిపించుకోలేదు. ముఖ్య అతిథి వచ్చే వేళయింది. వాడు తెల్లకాగితం ముక్క కత్తిరించి ఆ గడి మీద అతికించి, పైన 47 అని వేశాడు. అతిథి వచ్చి రెండు పందేలు వేసి, నవ్వి, చప్పట్లు కొట్టి వెళ్లారు. వాడు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వ్యాసం రాయలేదు. డిసెంబరులో టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. చార్టు తరగతి గదిలోనే వదిలేశాడు.

మరుసటి ఏడాది నాకూ బదిలీ అయింది. కొత్త బడి స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ కంప్యూటర్ సార్‌ది. ఇండీ గేమ్‌లంటే ఆయనకు ఇష్టం. పెద్ద కంపెనీల అండ లేకుండా, ఒక్కరో నలుగురో కలిసి సొంతంగా తయారుచేసేవి ఇండీ గేమ్‌లు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన తన ఫోన్ నా చేతికిచ్చి “ఇది ఆడి చూడండి మేడమ్” అన్నారు. ఆ ఆట పేరు ‘లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్’.

దాన్ని తయారుచేసినాయన రషీద్ అబూఈదె. పాలస్తీనాలోని నాబ్లస్ ఊరివాడు. 2014లో గాజా మీద జరిగిన యుద్ధం చూసి తట్టుకోలేక ఈ ఆట మొదలుపెట్టాడు. బొమ్మలన్నీ నలుపు, బూడిద రంగుల నీడలు. ఒక తండ్రి ఇంటికి పరుగెత్తి, భార్యనూ చిన్న కూతురు లైలానూ వెంటబెట్టుకుని బాంబుల మధ్య నుంచి బయటపడాలని చూస్తాడు. ఎటు వెళ్లాలో, ఎక్కడ దాక్కోవాలో క్షణాల్లో మనమే తేల్చుకోవాలి. అరగంట కూడా పట్టని ఆట. పాయింట్లు లేవు, గెలుపు లేదు. ఏ దారి పట్టినా మంచి ముగింపు రాదు. నేను ఫోన్ తిరిగిచ్చేసి చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత సార్ దాని కథ చెప్పారు. 2016 మే నెలలో రషీద్ ఈ ఆటను యాపిల్ వారి యాప్ స్టోర్‌కు పంపాడు. గూగుల్ ప్లేలో చోటు దొరికింది కానీ యాపిల్ ఒప్పుకోలేదు. ఇది గేమ్‌ల విభాగంలో ఉండదగ్గది కాదు, వార్తల విభాగానికో, సమాచార విభాగానికో మార్చండి, ఇది గేమ్ అనే మాట కూడా వివరణలోంచి తీసేయండి అని జవాబొచ్చింది.

నాకు ఒక్కసారిగా ఆ తెల్లకాగితం ముక్క గుర్తొచ్చింది. ‘ఒక వ్యాసం రాసివ్వు, పత్రికలో వేద్దాం.’ ఒక్క మాట తేడా లేకుండా నేను చెప్పిందీ అదే.

రషీద్ ఆ జవాబును అందరికీ తెలిసేలా బయటపెట్టాడు. ఇతర దేశాల గేమ్ డెవలపర్లు కూడా అడిగారు, పత్రికలు రాశాయి. కొద్ది రోజుల్లోనే యాపిల్ మనసు మార్చుకుని లైలాను గేమ్‌గానే తీసుకుంది. మా అబ్బాయి తరఫున అడగడానికి మాత్రం ఎవరూ లేరు.

ఆ తర్వాత సార్‌ని అడిగి ఇలాంటివి మరికొన్ని తెలుసుకున్నాను. 2011లో పావొలో పెదెర్చీని అనే ఇటలీ కళాకారుడు ‘ఫోన్ స్టోరీ’ అనే ఆట చేశాడు. మన చేతిలోని ఫోన్ ఎలా పుడుతుంది, ఎలా చస్తుంది అన్నదే దాని విషయం. కాంగో గనుల్లో పిల్లల చేత పని చేయించడం, ఫ్యాక్టరీ కార్మికుల కష్టం, చివరికి పాకిస్తాన్‌లో పోగుపడే పాత ఎలక్ట్రానిక్ చెత్త, ఇవన్నీ ఆటలో ఉంటాయి. ఫోన్ గురించి ఫోన్‌లోనే ఆడే ఆట అన్నమాట! స్టోర్‌లోకి వచ్చిన కొద్ది రోజులకే తీసేశారు.

బట్టల ఫ్యాక్టరీల మీద ఇంగ్లండ్‌కు చెందిన లిటిల్‌లౌడ్ అనే సంస్థ ‘స్వెట్‌షాప్’ చేసింది. అందులో మనం ఫ్యాక్టరీ మేనేజరు. ఆర్డరు వేళకు పూర్తి కావాలంటే పనివాళ్లను ఎంత పిండుకుంటామో మనకే తెలిసొస్తుంది. దాన్ని 2013లో ఐప్యాడ్ దుకాణం నుంచి తొలగించారు. అదే ఏడాది మొదట్లో సిరియా యుద్ధం మీద చేసిన ‘ఎండ్‌గేమ్: సిరియా’ను కూడా యాపిల్ తిప్పికొట్టింది. నిజమైన దేశాన్ని, ప్రభుత్వాన్ని ఆటలో శత్రువుగా చూపకూడదన్నది అడ్డొచ్చిన నియమం. చివరికి దేశం పేరు మార్చి, ఊహా ప్రపంచపు ఆటగా లోపలికి తీసుకురావాల్సి వచ్చింది.

మీకు బాగా నచ్చగల ఆట ఇంకోటుంది. లూకస్ పోప్ చేసిన ‘పేపర్స్, ప్లీజ్’, 2013లో వచ్చింది. లేని దేశపు సరిహద్దులో మనం కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగి. పాస్‌పోర్టు సరిగ్గా ఉందా, ముద్ర సరైనదేనా, ఎవరిని లోపలికి పంపాలి, ఎవరిని ఆపాలి? ఇంట్లో పిల్లలకు తిండి, చలికి వెచ్చదనం మన జీతం మీదే. బడి మారిన ప్రతిసారీ టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, నాన్నగారి బదిలీ ఉత్తర్వు పట్టుకుని ఆఫీసు కిటికీ ముందు నిలబడే మీకు కాగితం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014లో ఈ ఆట ఐప్యాడ్‌కు వచ్చినప్పుడు, తనిఖీ యంత్రంలో మనిషి ఆకారం కనిపించే దృశ్యాన్ని అశ్లీలమని చెప్పి తీయించారు. పోప్ ఆ సంగతి బయటపెట్టాక, అది పొరపాటేనని చెప్పి తిరిగి చేర్చుకోనిచ్చారు.

ఇవన్నీ విని దుకాణం వాళ్లంతా దుర్మార్గులు అనుకోవద్దు. తనిఖీ లేకపోతే డబ్బు కాజేసే యాప్‌లు, చిన్నపిల్లలు చూడకూడని బొమ్మలు అన్నీ నేరుగా మీ చేతిలోకి వస్తాయి. గేటు దగ్గర కాపలా ఉండాల్సిందే. నేనూ ఆ రోజు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. వచ్చినవాళ్లు బాధపడకూడదని, వాణ్ణి ఎవరూ జాలిగా చూడకూడదని అన్నాను. అయినా పొరపాటు పొరపాటే. ఏ వయసువారికి తగినదో చెప్పడం కాపలాదారు పని. దానికి యాప్ స్టోర్‌లో అప్పటికే వయసుల వారీ గుర్తులున్నాయి. ‘ఇంత బరువైన విషయం ఆటలో ఉండకూడదు’ అనడం వేరు. 2010 సెప్టెంబరులో యాపిల్ తన నియమాలను మొదటిసారి బయటపెట్టినప్పుడు ఈ తేడా దాచుకోలేదు. యాప్‌లను తాము పుస్తకాల్లా, పాటల్లా చూడబోమని, మతాన్ని విమర్శించాలనుకుంటే పుస్తకం రాసుకోమని స్పష్టంగానే చెప్పింది. యుద్ధం మీద నవల రాస్తే దుకాణంలో చోటుంది. అదే యుద్ధం ఆటగా వస్తే తలుపు దగ్గర ప్రశ్నలు.

ఈ తలుపు దగ్గర చిన్న డెవలపరు పరిస్థితి కష్టం. ఐఫోన్‌లోకి వెళ్లడానికి మన దేశంలో ఉన్నది ఆ ఒక్క దుకాణమే. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 నుంచి వేరే దుకాణాలకూ దారి తెరిచారు. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. రెండేళ్లు రాత్రుళ్లు కూర్చుని ఆట చేసినవాడికి రెండు వాక్యాల తిరస్కారం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? కొందరు విషయాన్ని మెత్తబరుస్తారు. కొందరు పేర్లు మారుస్తారు. కొందరు కంప్యూటర్‌లోనో, ఆండ్రాయిడ్‌లోనో ఇచ్చి సరిపెట్టుకుంటారు. ఇంకొందరు తిరస్కారం వస్తుందేమోనని ముందే భయపడి, ఆ గడి గీయడమే మానేస్తారు. అలా గీయకుండా ఆగిపోయిన ఆటలు ఎన్నో ఎవరి లెక్కలోకీ రావు.

ఆట అంటే సరదాయేనని మనకు ఎవరు నేర్పారు? వైకుంఠపాళినే చూడండి. పాత పటాల్లో నిచ్చెనల దగ్గర సుగుణాల పేర్లు, పాముల దగ్గర దుర్గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు ఉంటాయి. పైన వైకుంఠం. పాపం, పుణ్యం, మోక్షం, ఇంతకంటే బరువైన విషయాలేముంటాయి? అమ్మమ్మలు, మనవలు అరుగు మీద కూర్చుని గవ్వలేసి ఆడారు. పాము మింగి కాయ కిందికి జారినప్పుడు ఆ పాము పేరు చదివి నవ్వారు, ఆలోచించారు కూడా. మన ఇళ్లలోనే ఉన్న ఈ సంగతి తెలుగు చెప్పే నాకు ఆ రోజు గుర్తు రాలేదు. ఎనిమిదో తరగతి పిల్లాడికి తెలుసు.

ఆ చార్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్నటి బదిలీలో సామాను సర్దేటప్పుడు పుస్తకాల పెట్టెలో చుట్టి పెట్టుకున్నాను. కొత్త బడిలో ఒక సాయంత్రం తడిగుడ్డతో ఆ తెల్లకాగితం ఒలిచాను. కింది అక్షరాలు సగం దాంతోపాటే ఊడి వచ్చేశాయి. మిగిలినవాటిని చూసుకుంటూ పెన్సిల్‌తో తిరిగి రాశాను.

ఇప్పుడు నెలకోసారి శుక్రవారం ఆఖరి పిరియడ్‌లో మా తరగతి ఆ ఆట ఆడుతుంది. మొన్న ఒక ఆరో తరగతి అమ్మాయి కాయ నలభై ఏడులో చిక్కుకుంది. రెండు, అయిదు, ఒకటి, మూడు. ఆరు పడటం లేదు. అందరి కాయలూ ముందుకు పోతున్నాయి. ఎప్పుడూ గోల చేసే పిల్లలు ఆమె పందెం వచ్చేసరికి చప్పుడు చేయకుండా చూస్తున్నారు. అయిదోసారి ఆరు పడింది. అందరూ అరిచారు. ఆమె కాయ జరుపుతూ “అలాంటప్పుడు మా అమ్మ టీవీ పెట్టనివ్వదు మేడమ్” అంది. రెండేళ్లుగా నా తరగతిలో ఉన్న పిల్ల. వ్యాసాలు చాలా రాయించాను. ఈ మాట ఎప్పుడూ రాయలేదు.

మీలో ఎవరైనా రేపు గేమ్‌లు తయారుచేస్తారు. కంప్యూటర్ ల్యాబ్‌లో స్క్రాచ్‌లో అప్పుడే మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఎవరైనా కాదంటే కోపం తెచ్చుకోకండి. ఏ నియమం ప్రకారం కాదంటున్నారో మర్యాదగా అడగండి. మార్చదగ్గదైతే మార్చండి. ఏ గడి కోసం ఆట మొదలుపెట్టారో ఆ గడిని మాత్రం అంత సులువుగా వదులుకోకండి. కాదన్నది మీ తెలుగు టీచరైనా సరే, ఇంకోసారి అడగండి.

ఇక ఒక మాట ఆ అబ్బాయికి. ఇప్పుడు పదకొండులో ఉంటావు. ఏ ఊళ్లో ఉన్నావో తెలియదు. ఈ పత్రిక మీ బడి లైబ్రరీకీ వస్తే, నువ్వు చూస్తే, నీ చార్టు నా దగ్గర భద్రంగా ఉందని తెలుసుకో. ఆ రోజు నువ్వన్నదే నిజం. నలభై ఏడో గడి మళ్లీ రాశాను. అక్షరాలు మాత్రం నీ అంత గుండ్రంగా రాలేదు. వీలైతే వచ్చి సరిచేసి వెళ్లు.