ముసుగు తీస్తే...

కార్టూన్ సినిమాల్లో మనకేముంటుంది, పిల్లల గోల కాకపోతే! నేనూ చాలాకాలం అలాగే అనుకున్నానండీ. పిల్లలు టీవీ ముందు కూర్చుంటే ఓ గంటసేపు మన పప్పు మనం రుబ్బుకోవచ్చు, అంతే. అలాంటిది ఓ కార్టూన్ సినిమా వల్ల మా ఇంట్లో ఒక పెద్ద తప్పు బయటపడింది. ఆ తప్పు నాది.

2019 మే నెల. మావారు స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. మా కాపురం కూర్మన్నపాలెంలో. అప్పుడు ఆయనకి సి షిఫ్టు. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి పొద్దున్న ఆరింటికి దిగుతారు, పగలంతా నిద్ర. "మా నాన్న బ్యాట్‌మాన్ అమ్మా, రాత్రిళ్లే తిరుగుతాడు" అనేవాడు మా బాబు. వాడికప్పుడు పదకొండేళ్లు.

ఆ సెలవుల్లో మా చెల్లెలి కొడుకు వచ్చి, లాప్‌టాప్‌లో ఒక సినిమా పెట్టాడు. స్కూబీ డూ, బ్యాట్‌మాన్ కలిసి నటించిన సినిమా. 2018లో వచ్చింది, గంటంబావు వుంటుంది. స్కూబీ డూ పేరు వినగానే నేనూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఎందుకంటే ఆ కుక్కగారు నాకు పాత చుట్టం. 1995లో మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా నాన్నగారిది పోర్టులో ఉద్యోగం, సాలిగ్రామపురంలో వుండేవాళ్లం. మాకు కేబుల్ లేదు. పక్కింటి పిన్నిగారింట్లో గుమ్మం దగ్గర కూర్చుని చూసేదాన్ని.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ అని నలుగురు కుర్రాళ్లు, వాళ్లతో ఒక పిరికి కుక్క. రంగురంగుల వ్యానులో తిరుగుతూ, దెయ్యం వుందన్న చోటికల్లా వెళతారు. ఆ మొదటి సీరియల్లో దెయ్యం ఏ ఒక్కసారీ దెయ్యం కాదు. చివర్లో ముసుగు లాగితే లోపల మనిషే వుంటాడు. ఆ రోజుల్లో మా వీధిలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవారు, గుర్తుందా? రాత్రయితే నేను పెరట్లోకి వెళ్లడానికి కూడా వణికేదాన్ని. స్కూబీ డూ చూశాక ఆ భయం సగం తగ్గింది.

ఈ సీరియల్ పుట్టుకలో తల్లుల పాత్ర కూడా వుందండీ. 1960ల చివర అమెరికాలో శనివారం పొద్దున్నే టీవీ నిండా సూపర్ హీరోల కొట్లాటలే. అవి చూసి పిల్లలు చెడిపోతున్నారని తల్లులు గొడవ పెట్టారు. 1968లో కొందరు తల్లులు సంఘం కూడా కట్టారు. దాంతో టీవీ వాళ్లు గుద్దులాటలు తగ్గించి, నవ్వించేవి వెతుక్కున్నారు. అలా 1969లో స్కూబీ డూ వచ్చింది. తమాషా ఏమిటంటే, మూడేళ్లకే, 1972లో, బ్యాట్‌మాన్, రాబిన్ ఇద్దరూ స్కూబీ ఇంటికే అతిథులుగా వచ్చేశారు! గొడవపడ్డ తోడికోడళ్లు పండక్కి కలిసి అరిసెలు వండుకున్నట్టు.

ఇక 2018 సినిమా. బ్యాట్‌మాన్ అంతటివాడు. కండలున్నాయి, కారుంది, డబ్బుంది. అయినా తొలినాళ్లలో తేల్చలేకపోయిన కేసొకటి అతన్ని తినేస్తుంటుంది. చివరికి ఈ భయస్తుల గుంపుతో చేతులు కలపాల్సి వస్తుంది. దొంగెవరో చెప్పనులెండి, మీ పిల్లలు నన్ను తిడతారు. కళ్లజోడు పెట్టుకున్న వెల్మా మాత్రం ఎవరి మొహం చూసీ తీర్పు చెప్పదు. ముందు ఆధారం, తరువాతే పేరు.

సరిగ్గా ఆ వారంలోనే మా ఇంట్లో నా రాళ్ల దుద్దు ఒకటి పోయింది. మా అమ్మ పెట్టింది. ఆవకాయ పెట్టిన రోజు పొద్దున్నే తలంటుకి ముందు రెండూ తీసి, అల్మరాలో కుంకుమ భరిణె పక్కన పెట్టినట్టు నాకు బాగా గుర్తు. సాయంత్రం చూస్తే ఒక్కటే వుంది.

మా పనమ్మాయి ఆరేళ్లుగా చేస్తోంది. పొద్దున్న ఏడింటికి వచ్చి తొమ్మిదికల్లా వెళ్లిపోతుంది. ఆవిణ్ణి నేను ఒక్క మాట కూడా అనలేదు. "దుద్దు గానీ కనబడిందా?" అని రెండుసార్లు అడిగాను, అంతే. కానీ మర్నాడు ఆవిడ పడగ్గది తుడుస్తుంటే గుమ్మంలో నిలబడ్డాను. ఆ మర్నాడు అల్మరాకి తాళం వేశాను. "నాను ముట్టుకోనేదమ్మా" అంది తల దించుకుని. మూడో రోజు పనికి రాలేదు. "చూశారా, తప్పు చేసింది కాబట్టే మానేసింది" అన్నాను మావారితో. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా వాడు ఊరుకోలేదు. "వెల్మా అయితే ఇలా చెయ్యదమ్మా" అని పాత నోట్సు ఒకటి తీశాడు. ఎవరు ఎప్పుడు ఇంట్లో వున్నారో గీతలు గీసి రాశాడు. నాకు నవ్వొచ్చింది. తరువాత నా ఫోను పట్టుకొచ్చి చూపించాడు. నేను ఆవకాయ కలుపుతుంటే వాడు తీసిన ఫోటో. మోచేతుల దాకా కారం, ఆవపిండి, చెవులకి రెండు దుద్దులూ మెరుస్తున్నాయి. ఫోటో తీసిన టైము పదకొండూ పది!

నా గుండె ఆగినంత పనైంది. పనమ్మాయి వెళ్లింది తొమ్మిదికి. అప్పుడు గుర్తొచ్చింది. చెవి దగ్గర కారం అంటుకుని మండితే, మధ్యాహ్నం కడుక్కుని అప్పుడు తీశాను దుద్దులు. ఇంట్లో వున్నది నిద్రపోతున్న మావారు, పిల్లాడు, మా అత్తయ్యగారు. అంతే.

"నానమ్మ పెట్టె చూద్దామా?" అన్నాడు వాడు గొంతు తగ్గించి. కోప్పడ్డాను. కానీ అత్తయ్యగారు స్నానానికి వెళ్లినప్పుడు నేనే తెరిచాను. పాత చీర కొంగు మూటలో, వార్తాపత్రిక ముక్కల్లో విడివిడిగా చుట్టి వున్నాయి... నా దుద్దు, నెలరోజులుగా వెతుకుతున్న బీరువా తాళం, రెండు చెంచాలు, బాబు రబ్బరు, ఒక రెండొందల నోటు. ఎంత పొందిగ్గా చుట్టారో!

ఆవిడ వచ్చి చూసి, కోప్పడలేదు, కంగారు పడలేదు. "దొంగలొస్తారని దాచానే అమ్మాయ్, జాగ్రత్త చెయ్యి" అన్నారు. తరువాత మా బాబుని చూసి, మావారి పేరు పెట్టి, "బడికి టైమవలేదురా?" అని అడిగారు.

పోపు మాడబెట్టినా, ఒకే మాట పదిసార్లు అడిగినా పెద్దతనం అనుకున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, అది మామూలు మతిమరుపు కాదు, డిమెన్షియా మొదలైందన్నారు. వస్తువులు దాచడం, ఎక్కడ దాచారో మరిచిపోవడం, ఇంట్లో వాళ్లని దొంగలనడం, ఇవన్నీ ఆ జబ్బులో వుంటాయట. పూర్తిగా నయం చేసే మందు లేదు. కోప్పడొద్దు, వాదించొద్దు, వస్తువులన్నీ ఒకే చోట వుంచండి అన్నారు. స్కూబీ కథల్లో ముసుగు తీస్తే దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో ముసుగు తీస్తే దొంగే లేడు. జబ్బుతో తడబడుతున్న ఒక పెద్దావిడ వుంది. మా బ్యాట్‌మాన్‌గారు ఆ రోజు వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఉక్కు కరిగించే చోట పనిచేసే మనిషి కూడా దీనికేం చెయ్యగలడు?

ఆ సాయంత్రమే బాబుని తీసుకుని పనమ్మాయి ఇంటికి వెళ్లాను. "తప్పు నాదమ్మా, క్షమించు" అన్నాను. ఆవిడ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. "నాను తియ్యనేదని మీకు తెలిసినాది. అది సాలు నాకు" అంది. మళ్లీ పనికి రమ్మంటే మాత్రం నవ్వి వూరుకుంది. అప్పటికే వేరే ఇల్లు ఒప్పుకుందట. నేను గుమ్మంలో నిలబడిన ఆ రెండు నిమిషాలు ఆరేళ్ల నమ్మకాన్ని తుడిచేశాయి. నేను అడిగిన క్షమాపణతో అది తిరిగి రాలేదు.

అత్తయ్యగారు ఆ తరువాత మూడేళ్లు వున్నారు. ఆ మూడేళ్లూ ఆవిడ దాచినవన్నీ వెతికే పని మా వాడిదే. ఆవిడ చూడకుండా తీసి యథాస్థానంలో పెట్టేసేవాడు, ఒక్కసారి కూడా "నానమ్మ తీసింది" అనలేదు. ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు, కార్టూన్లు మానేశాడు.

ఇంట్లో వస్తువు పోతే మన కళ్లు ముందు ఎవరి మీదికి వెళతాయో మనందరికీ తెలుసు. ఈసారి అలా జరిగితే, పనమ్మాయి మొహం చూడకండి. ఆ రోజు ఏ పని ఎన్ని గంటలకు చేశారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల దిండు కింద, చీర మడతల్లో నెమ్మదిగా ఒకసారి చూడండి. కోపంతో కాదు సుమండీ, ప్రేమగా.